లఘుశంకల ఫైలు

ఎండుబావుల గణన శాఖ అని ఒకటుందని చాలామందికి తెలియదు. అందులో పనిచేసేవాళ్ళకే జీతాల రోజున తప్ప గుర్తుండదు. సీమలో ఏ బావి ఎప్పుడు ఎండింది, ఏ లోతున ఎండింది, ఎండినది ఇంకా ఎండే వీలుందా అని ఏటా లెక్క తీసి పైకి పంపడం ఆ శాఖ పని. లెక్క పైకి పోతుంది. నీళ్ళు కిందికి రావు. ఈ రెండింటికీ ఏదో సంబంధం ఉండాలని ఏ ఉత్తర్వులోనూ రాసి లేదు కాబట్టి శాఖ సుఖంగా నడుస్తోంది.

అనంతపురానికి అవతల, దుమ్ము తప్ప మరేదీ వేళకు రాని ఒక ఊళ్ళో ఆ శాఖకు ప్రాంతీయ కార్యాలయం ఉంది. అందులో కుళ్ళాయప్ప జూనియర్ అసిస్టెంటు. ఈ కథ జరిగే నెలలో అతనికి లోకంలో ఒకటే కోరిక. రిలీవ్ కావడం.

అతని భార్య నాగరత్న కదిరి ఆసుపత్రిలో నర్సు. ఆమె అక్కడ, ఇతను ఇక్కడ. రూము తీసుకుని, మెస్సులో పలచటి సాంబారు తాగుతూ, ఆదివారం ఆదివారం బస్సెక్కి మొగుడిగా దిగి, సోమవారం తెల్లారేసరికి మళ్ళీ గుమాస్తాగా దిగుతున్నాడు. ఏళ్ళ తరబడి అర్జీలు పెట్టుకోగా పెట్టుకోగా, బదిలీల మీద నిషేధం ఎత్తేసిన ఆ నెలలో కదిరికి ఆర్డరు వచ్చింది. ఆర్డరు వస్తే చాలదు. ఉన్న ఆఫీసరు రిలీవ్ చేయాలి. నెలాఖరుకి నిషేధం మళ్ళీ వాలుతుంది. ఆలోగా రిలీవ్ కానివాడి ఆర్డరు పల్లీలు పొట్లం కట్టుకోవడానికి పనికొస్తుంది. ఆ సంగతి నాగరత్నకు అతనికంటే బాగా తెలుసు.

"ఈ తూరి గూడా రాకపోతే నీ మీద నీళ్ళొదులుకుంటా. చెప్తాండా," అని ఫోనులో చెప్పి పెట్టేసింది.

అందుకని కుళ్ళాయప్ప మంచిరోజు చూసుకుని, రిలీవింగ్ ఆర్డరు తానే టైపు చేసుకుని, సంతకం పెట్టాల్సిన చోట పెన్సిలుతో చిన్న టిక్కు కూడా పెట్టుకుని, ఆఫీసరు గదిలోకి వెళ్ళాడు. సరిగ్గా ఆ పొద్దునే రాజధాని నుంచి నీళ్ళ ఉత్తర్వు దిగింది.

శాఖకు కొత్తగా వచ్చిన కమిషనరు గారు ఏదో చల్లటి కొండ ఊళ్ళో శిక్షణకు వెళ్ళి, అక్కణ్ణుంచి గీతలు గీసిన నీళ్ళ సీసా ఒకటి పట్టుకొచ్చారు. ఏ వేళకు ఏ గీత దాకా తాగాలో ఆ సీసా చెబుతుందట. మనిషి దాహం వేసినప్పుడు తాగడం ఒక వెనకబాటు ధోరణి అనీ, దాహానికి ముందే తాగడం అలవాటు చేసుకున్న జాతులే ముందుకు పోయాయనీ అక్కడ ఎవరో చెప్పారు. కమిషనరు గారికి అది గుండెల్లో దిగింది. గుండెల్లో దిగినది ఏదైనా సరే వెంటనే అన్ని జిల్లాలకూ దిగాలి.

ప్రాంతీయ అధికారి పేర్రాజు గారు ఆ ఉత్తర్వుని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. ఆయనది గోదావరి గట్టు. ఆయన పుట్టిన ఊళ్ళో నీళ్ళు కాలవలో పారతాయి, వీధిలో పారతాయి, వానాకాలం వస్తే ఇంట్లోనూ పారతాయి. సీమ సిబ్బంది మందకొడిగా ఉండడానికి కారణం ఒంట్లో తడి లేకపోవడమేనని ఆయనకి మొదట్నించీ అనుమానం. పైనుంచి కాగితం రాగానే అనుమానం సిద్ధాంతమయింది. అప్పటికప్పుడు అందరినీ తన గదిలో నిలబెట్టారు.

"చూడండీ, మంచినీళ్ళు తాగడం మంచినీళ్ళ ప్రాయం అనుకుంటాం. పొరపాటండి. అదొక క్రమశిక్షణ. అదొక సంస్కారం. ఈ విషయంలో ఎవరూ నీళ్ళు నమలడానికి వీల్లేదు. ముందే చెబుతున్నాను."

పక్కన నిలబడ్డ సూపరింటెండెంటు హంపయ్య గారు ఆ మాట కూడా రాసుకున్నారు. హంపయ్య గారు తెలుగు మనిషి. అంటే, తెలుగు మాట్లాడే మనిషని కాదు. అది అందరూ చేస్తారు. ఆఫీసులో తెలుగు అమలు చేసినందుకు ఇత్తడి పలక అందుకున్న మనిషి. ఆయన బల్ల మీద సిరాబుడ్డి ఉండాల్సిన చోట నిఘంటువు ఉంటుంది. ఇంగ్లీషులో వచ్చిన ఏ కాగితమైనా ఆయన చేతిలో పడితే తెలుగులోకి వస్తుంది. వచ్చాక దానికి అర్థం చెప్పడానికి మళ్ళీ ఇంగ్లీషు కాగితం వెతుక్కోవాలి.

నీళ్ళ ఉత్తర్వుని ఆయన ఒక్క పూటలో తెలుగు చేశారు. గంట కొట్టగానే ప్రతివారూ ఒక గ్లాసెడు నీరు సేవించవలెను. కార్యాలయమునకు పనిమీద వచ్చు సందర్శకులు తమ పని విన్నవించుటకు మునుపు రెండు గ్లాసులు సేవించవలెను. పేర్రాజు గారి మాటను కూడా వదల్లేదు: సిబ్బంది ఎట్టి పరిస్థితిలోనూ నీటిని నమలరాదు, నేరుగా మింగవలెను. ఇక ఆఖరున, చిన్న చిన్న సందేహాలేమన్నా ఉంటే ఆఫీసరుకి రాతమూలకంగా పెట్టి తీర్చుకోవాలని ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ప్రతి ఉత్తర్వు తోకకీ ఉండేదే. హంపయ్య గారు దాని దగ్గర కాసేపు ఆగారు. చిన్నది అంటే లఘువు. సందేహమంటే శంక. తీర్చుకోవడమంటే నివృత్తి. కలిపి ఇలా రాశారు:

"సిబ్బంది తమ లఘుశంకలను లిఖితపూర్వకముగా కార్యాలయాధిపతికి సమర్పించి, వారి ఆమోదముపైననే నివృత్తి చేసుకొనవలెను."

ఆ వాక్యం గుండ్రదనం చూసి ఆయన మురిసిపోయారు. ముద్దొచ్చే పిల్లని ఎత్తుకున్నవాడు అది ఎవరి పిల్ల అని అడగడు. పేర్రాజు గారు చదవకుండా సంతకం పెట్టారు. రాజధానిలో కమిషనరు గారు చదివి, ఇంత నిండైన తెలుగు తాను ఇంతవరకు చూడలేదని మెచ్చుకుని, ఇదే ప్రతిని అన్ని జిల్లాలకూ పంపమన్నారు. దాంతో ఆ వాక్యం రాతి మీద చెక్కినట్టయిపోయింది.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ పొద్దున కుళ్ళాయప్ప ఉత్తర్వుని పట్టించుకోలేదు. తన కాగితం ముందుకు తోసి, టిక్కు పెట్టిన చోట వేలు పెట్టి చూపించాడు. పేర్రాజు గారు కాగితం చూడలేదు, మనిషిని చూశారు.

"మీ పేరేవిటండీ?"

"కుళ్ళాయప్ప సార్."

"విన్నారా హంపయ్య గారూ? కుళాయప్ప. మనం ఎక్కడెక్కడో వెతుకుతున్నాం, ఇక్కడే ఉంది కుళాయి."

"కుళాయి కాదు సార్, కుళ్ళాయి. మా తట్టు గూగూడు కుళ్ళాయిసామి పేరు పెట్టుకుంటారు. కుళ్ళాయంటే టోపీ సార్."

"టోపీయా. మరీ మంచిదండి. పథకానికి ఎవరూ టోపీ పెట్టకుండా మీరే చూసుకోండి."

అలా కుళ్ళాయప్ప జలసారథి అయ్యాడు. ప్రతి కార్యాలయంలోనూ ఒక జలసారథి ఉండాలని ఉత్తర్వులో ఉంది. జలసారథిని పథకం గాడిలో పడేదాకా కదపరాదని కూడా ఉంది. పేర్రాజు గారు రిలీవింగ్ ఆర్డరుని చక్కగా మడిచి ట్రేలో అన్నిటికంటే అడుగున పెట్టి, "ఎంతండీ, నాలుగు రోజులు. అలవాటు పడగానే మిమ్మల్ని పంపించేస్తాను," అన్నారు.

మర్నాటి నుంచి గంట మొదలయింది. గంట మోగగానే కుళ్ళాయప్ప ఒక చేత్తో జగ్గు, ఒక చేత్తో గ్లాసుల పళ్ళెం పట్టుకుని బల్ల బల్లకీ తిరిగేవాడు. తాగినవాడు నోరు తెరిచి చూపించాలి. బావుల్లో దిగి లోతు కొలిచే మద్దిలేటికి నీళ్ళంటే మొదట్నించీ సరిపడదు; ఉద్యోగంలో చేరింది మొదలు నీళ్ళున్న బావి చూసి ఎరగడు మరి. అతను గ్లాసెడూ నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, కుళ్ళాయప్ప పక్క బల్లకి పోగానే కిటికీలోంచి ఉమ్మేద్దామని చూశాడు. పేర్రాజు గారి కంట పడ్డాడు. నీళ్ళు నమిలినందుకు సంజాయిషీ అడుగుతూ సాయంత్రానికల్లా మెమో వచ్చింది. మెమో పుచ్చుకుని ఏం జవాబు చెప్పాలో తెలియక మద్దిలేటి నీళ్ళు నమిలాడు. దానికి వేరే మెమో ఇవ్వాలా అని హంపయ్య గారు పై అధికారిని అడిగారు.

ఇంతకీ ఆ నీళ్ళు ఎక్కడివి? ఆఫీసు వెనక గడ్డమీద ఒక వీధి ఉంది. ఆ వీధికి నాలుగు దినాలకొకసారి ట్యాంకరు వస్తుంది. పేర్రాజు గారు ఎవరికో లేఖ రాసి, అలవాటు స్థాపన నిమిత్తమని చెప్పి, ఆ ట్యాంకరుని ఆఫీసుకి మళ్ళించారు. రెండు తడవలు చూసి ఆ వీధి ఓబులమ్మ ఖాళీ బిందె చంకన పెట్టుకుని తిన్నగా ఆఫీసరు గదిలోకే వచ్చింది.

"ఏమయ్యా సామీ, మీ ఇండ్లల్లో నీళ్ళు లేవా, ఆఫీసుకొచ్చి తాగుతాండారు?"

పేర్రాజు గారు కోపం తెచ్చుకోలేదు. ప్రజలతో మెత్తగా మాట్లాడాలని ఆయన నియమం.

"చూడమ్మా, ఇవి మామూలు నీళ్ళు కావు. మనుషులకి నీళ్ళు తాగే అలవాటు చేయడానికి కేటాయించిన నీళ్ళు."

"తాగే అలవాటు మాకు పుట్టినప్పటి నుంచీ ఉండాది సామీ. నీళ్ళే లేవు."

పేర్రాజు గారు ఆలోచించారు. హంపయ్య గారి వైపు తిరిగి, అలవాటు ముందే ఉన్నవాళ్ళకి పథకం వర్తించదని రాసుకోమన్నారు. ఓబులమ్మ ఆయన్నీ, బిందెనీ మార్చి మార్చి చూసింది. అప్పుడు కుళ్ళాయప్ప దగ్గరికొచ్చి, పని మీద వచ్చినవాళ్ళకి రెండు గ్లాసులు పోస్తారటగదా, నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాడు. ఆ మధ్యాహ్నం నుంచే వీధి వీధంతా పని మీద రావడం మొదలుపెట్టింది. తమ బావి ఎండిందా లేదా కనుక్కుపోదామని వచ్చామనేవాళ్ళు. ఎండిందని చెబితే, రెండు గ్లాసులు తాగి, మళ్ళీ రేపొచ్చి కనుక్కుంటామనేవాళ్ళు. కార్యాలయంపై ప్రజలకు నమ్మకం ఇనుమడించినదని ఆ వారం నివేదికలో పేర్రాజు గారు రాశారు.

తాగినవి ఎక్కడికో పోవాలి కదా. ఈ సంగతి ఉత్తర్వులో లేదు. ఆఫీసుకి వెనక ఒకే ఒక మరుగుదొడ్డి. దాని తాళంచెవి హంపయ్య గారి డ్రాయరులో ఉంటుంది. మొదట బరువెక్కినవాడు మద్దిలేటే. అతను వెళ్ళి చెయ్యి చాపాడు. హంపయ్య గారు డ్రాయరు లాగబోయి, ఎందుకప్పా అని మామూలుగా అడిగారు. మద్దిలేటికి ఆయనంటే గౌరవం. గౌరవం కొద్దీ, ఆయనకి ఇష్టమైన భాషలో చెబుదామని, ఎత్తబోయిన చిటికెనవేలు దించి, "లఘుశంక సార్," అన్నాడు.

హంపయ్య గారి చెయ్యి డ్రాయరు మీదే ఆగిపోయింది. మెల్లిగా ఉత్తర్వు తీసి, ఆఖరి వాక్యం మీద వేలు పెట్టి, తాను రాసిందాన్ని తానే మొదటిసారి చదివారు. పక్కనుంచి కుళ్ళాయప్పా చదివాడు. మద్దిలేటీ చదివాడు, కాలికి కాలు మెలేసుకుని. తర్వాత ముగ్గురూ కలిసి పేర్రాజు గారి గదిలోకి వెళ్ళారు. దీన్ని సవరించుకోవాలని హంపయ్య గారు నీరుగారిపోయిన గొంతుతో విన్నవించుకున్నారు.

పేర్రాజు గారు తాపీగా వాక్యాన్ని చదివారు.

"సవరణ అంటే కమిషనరు గారికి రాయాలండి. ఆయన మెచ్చుకున్న వాక్యమిది. ఆయన మెచ్చుకున్న దాంట్లో మనకి తప్పు కనిపించిందంటే అది మన కళ్ళ తప్పు."

"సార్, మద్దిలేటి..."

"రాసివ్వమనండి. సంతకం పెడతాను. దానికేం భాగ్యం."

మొదట్లో ఇదంతా రెండు రోజుల ముచ్చటేననుకున్నారు. ఇంతలో రాజధాని నుంచి మెమో వచ్చింది. మీ కార్యాలయము నుండి ఇంతవరకు ఒక్క లఘుశంకయు అందలేదు, ఇది సిబ్బందిలో పథకముపట్ల ఆసక్తి కొరవడుటను సూచించుచున్నది, ఇకపై విరివిగా లఘుశంకలను సేకరించి నివృత్తి వివరములతో వారం వారం పంపవలెను అని. ఆ మెమో పేర్రాజు గారు అందరికీ చదివి వినిపించారు. చదవడం అయ్యాక, చూశారా అన్నట్టు ఒకసారి తల ఊపారు. హంపయ్య గారు తన నిఘంటువు వైపు చూడ్డం మానేశారు.

అప్పటి నుంచి పద్ధతి ఏర్పడింది. అవసరమైనవాడు కాగితం రాసి జలసారథికివ్వాలి. జలసారథి ఫైలులో పెట్టి, శంక నిజమైనదే, పరిశీలించదగును అని నోటు రాయాలి. హంపయ్య గారు చూడబడినది అని రాయాలి. పేర్రాజు గారు ఆమోదించడమైనది అని సంతకం పెట్టాలి. అప్పుడు జలసారథి తాళంచెవి ఇవ్వాలి. తాళంచెవిని హంపయ్య గారి దగ్గర్నించి రాతపూర్వకంగా అతనికి బదలాయించారు. పేర్రాజు గారు ఊరికే సంతకం పెట్టే మనిషి కాదు. ఇది అత్యవసరమా, వాయిదా వేయ వీలున్నదా అని అంచున రాసి ఫైలు వెనక్కి పంపేవారు. ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి కూచునే ఓపిక మద్దిలేటికి ఉండేది కాదు. ఆయన క్యాంపుకి పోయిన రోజు మరీ కష్టం. ఆ రోజు ఆఫీసంతా కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, మాట్లాడకుండా, నవ్వకుండా, ఎంతో క్రమశిక్షణతో పనిచేసేది.

కుళ్ళాయప్ప మాత్రం ట్రే అడుగున ఉన్న తన కాగితం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. పథకం గాడిలో పడింది కదా సార్ అంటే, గాడిలో పడ్డదాన్ని వదిలేస్తే గాడి తప్పుతుంది కదండీ అనేవారు. తన కాగితం మీద దయ కలుగుతుందేమోనని అతను ప్రతి ఫైలూ నీటుగా కుట్టేవాడు, ఆఫీసరు ఎదురుగా ఒక గ్లాసు ఎక్కువే తాగేవాడు. రాత్రి ఫోనులో నాగరత్న ఏమైందని అడిగితే శంకలు ఎక్కువైనాయని చెప్పేవాడు. నా మీదనా అనేది.

రాజధాని మెచ్చుకుంటూ పోయింది. ఏ జిల్లా నుంచీ రానన్ని శంకలు ఈ చిన్న కార్యాలయం నుంచి వస్తున్నందుకు కమిషనరు గారు ఆశ్చర్యపోయారు. కాగితాల నిండా ఉన్నది లెక్కలే. ఎవరిది, ఎప్పుడు, నివృత్తి అయినదా లేదా. అసలు శంక ఏమిటో ఎక్కడా లేదు. అందుకని ఇంకో మెమో పంపించారు: మీ కార్యాలయపు లఘుశంకలలో మేలైనవాటి నమూనాలను తక్షణము పంపవలెను, ఇతర జిల్లాలకు మార్గదర్శకముగా ఉంచెదము.

ఈ మెమో కూడా పేర్రాజు గారు అందరికీ చదివి వినిపించారు. మేలైనవి అంటే ఏ లెక్కన మేలైనవి అన్న ప్రశ్న వచ్చింది. పేర్రాజు గారు సీనియారిటీ జాబితా తెప్పించారు. జాబితాలో హంపయ్య గారి పేరు మొదటుంది. ఆయన సీసా పుచ్చుకుని వెళ్ళారు. ఆ రోజు ఆయన నడక చూసినవాళ్ళు, ఇత్తడి పలక అందుకున్నప్పుడు కూడా మనిషి ఇంత ఒంగిపోలేదని అన్నారు. సీసాలకు మూత బిగించి, లక్కతో సీలు వేసి, గోనెగుడ్డలో చుట్టి, పెళుసు సామాను, జాగ్రత్త అని రాసి కుళ్ళాయప్పే పార్సిలు చేశాడు.

పది రోజులకి జవాబొచ్చింది. మీరు పంపిన నీటి నమూనాలను పరీక్షించితిమి. లవణములు మోతాదు మించి ఉన్నవి. తాగుటకు ఎంతమాత్రమూ యోగ్యము కాదు. ఇట్టి నీటినే తాగుచు పథకమును ఇంత దీక్షగా అమలు చేయుచున్న మీ సిబ్బంది త్యాగము శ్లాఘనీయము. నెలాఖరు దినమున కమిషనరు గారు స్వయముగా తెరమీద మీతో మాట్లాడి అభినందించెదరు.

నెలాఖరు దినం. కుళ్ళాయప్పకు ఆ రెండు మాటలే వినబడ్డాయి.

ఆ రోజు పొద్దున అతను బ్యాగు సర్దుకునే ఆఫీసుకి వచ్చాడు. సాయంత్రం కదిరి బస్సు ఉంది. అది దాటితే నిషేధం వాలుతుంది. పేర్రాజు గారు కొత్త చొక్కా తొడుక్కుని, జుట్టుకి నూనె రాసుకుని, తెరకెదురుగా నడిమి కుర్చీలో కూచున్నారు. అటు హంపయ్య గారు, ఇటు జగ్గుతో కుళ్ళాయప్ప, వెనక మద్దిలేటీ మిగతావాళ్ళూ. రాష్ట్రం మొత్తం తెర మీద చిన్న చిన్న గళ్ళలో కూచుని ఉంది. అందరి మధ్యా పెద్ద గడిలో కమిషనరు గారు, ముందు గీతల సీసా.

అభినందన సభ కాబట్టి అందరి చేతా తాగించారు. కమిషనరు గారు సీసా ఎత్తినప్పుడల్లా రాష్ట్రం ఎత్తాలి. ఆయన మాటల మనిషి; మాటకొకసారి గొంతు తడుపుకునే అలవాటు. మొదట దాహం చరిత్ర చెప్పారు. ఆ తర్వాత దాహం తత్వం చెప్పారు. పేర్రాజు గారు ఎవరికంటే తక్కువ కాదని చూపించడానికి రెండేసి గ్లాసులు తాగారు. తన వంతు వచ్చినప్పుడు గొంతు సవరించుకుని, తమ కార్యాలయంలో అటెండరు మొదలు అధికారి దాకా ఎవరికీ మినహాయింపు లేదనీ, రాతమూలక ఆమోదం లేకుండా ఒక్క లఘుశంక కూడా నివృత్తి కాదనీ, తనతో సహా అనీ సభాముఖంగా చెప్పారు. రాష్ట్రం చప్పట్లు కొట్టింది.

నిజానికి ఆయన ఇంతవరకు ఫైలు పెట్టుకోలేదు. క్వార్టర్సు ఆఫీసు పక్కనే. భోజనం వేళకి ఇంటికి పోయి వచ్చేవారు. ఆ రోజు భోజనం వేళ దాటిపోయింది. కమిషనరు గారు దాహం భవిష్యత్తులోకి దిగారు. పేర్రాజు గారి నుదుట చెమట పట్టింది. కుర్చీలో ఒకసారి అటు, ఒకసారి ఇటు జరిగారు. చివరికి, నియమం ప్రకారం తన పై అధికారి ఎదురుగానే ఉన్నాడు కదా అని ధైర్యం చేసి చెయ్యెత్తారు.

"సర్, నాకో లఘుశంక ఉందండి."

కమిషనరు గారి మొహం వెలిగిపోయింది.

"చూశారా, ఇంత సాధించి కూడా ఆయనకింకా శంక ఉంది. అదీ జిజ్ఞాస అంటే. చెప్పండి పేర్రాజు గారూ, అందరి ఎదుటా చెప్పండి. మిగతా జిల్లాలకీ ఉపయోగపడుతుంది."

"అత్యవసరమండి."

"ఆ తపనే కావాలి. వాయిదా వద్దు. ఇక్కడే, ఇప్పుడే నివృత్తి చేసేద్దాం. కానివ్వండి."

పేర్రాజు గారు కళ్ళు పైకెత్తి, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. రాష్ట్రం కలాలు పట్టుకుని ఎదురుచూస్తోంది. ఈయన ఆలోచనలు కూడగట్టుకుంటున్నాడనుకుని కమిషనరు గారు కాస్త వ్యవధి ఇద్దామన్నారు. ఆ వ్యవధిలో తాను ఇంకొంచెం తాగి, పక్క జిల్లావాళ్ళతో మాటల్లో పడ్డారు.

పేర్రాజు గారు తల తిప్పకుండా, పెదవులు కదలకుండా, తాళంచెవి ఇమ్మని కుళ్ళాయప్పని అడిగారు. కుళ్ళాయప్ప వంగి ఆయన గ్లాసు నింపుతూ, ఆమోదం లేకుండా ఇస్తే తన ఉద్యోగం పోతుందన్నాడు. ఆ మాట అందరి ముందూ చెప్పింది సారేనన్నాడు. గ్లాసులోకి నీళ్ళు సన్నగా, చప్పుడు చేస్తూ పడ్డాయి. పేర్రాజు గారు కళ్ళు మూసుకున్నారు.

"ఆపవయ్యా ఆ చప్పుడు. ఏదో ఒక దారి చెప్పు."

"ఒగటే దారి ఉండాది సార్. తాళంచెవి జలసారథి దగ్గరే ఉండల్ల. అదే జలసారథి రిలీవ్ అయితే, చార్జీ అంతా ఆఫీసరుకే అప్పజెప్పల్ల. చార్జీలో తాళంచెవి ఉండాది. దానికి ఫైలు అక్కర్లేదు, ఆమోదం అక్కర్లేదు."

"నిన్ను రిలీవ్ చెయ్యాలంటావు."

"ముందు నన్ను సార్. ఆ తర్వాత మీ ఇష్టం."

కాగితం ట్రే అడుగు నుంచి ఎప్పుడు పైకొచ్చిందో, తెర అవతల ఎవరికీ కనబడకుండా బల్ల అంచున ఎప్పుడు పరుచుకుందో తెలియదు. పెన్సిలు టిక్కు ఇంకా చెరగలేదు. పేర్రాజు గారు చదవలేదు. ఈ నెలలో ఆయన చదవకుండా సంతకం పెట్టిన రెండో కాగితం అది. మొదటి దాని బాధ తీరడానికి రెండోది పనికొచ్చింది. సంతకం తడి ఆరకముందే తాళంచెవి ఆయన అరచేతిలో పడింది. ఆయన లేచారు. లేచిన తీరు చూసి వెనక కూచున్న మద్దిలేటి కూడా, ఆయన మీద ఎన్ని మెమోల కోపం ఉన్నా, కుర్చీ లాగి దారిచ్చాడు.

తెర మీద కమిషనరు గారు ఇటు తిరిగారు. నడిమి కుర్చీ ఖాళీగా ఉంది. పేర్రాజు గారేరని అడిగారు. రాష్ట్రం యావత్తూ హంపయ్య గారి వైపు చూసింది. ఆయన మెల్లిగా నిలబడి, చేతులు కట్టుకుని, ఎన్నాళ్ళ తర్వాతో నిండు గొంతుతో చెప్పారు.

"శంకానివృత్తికై స్వయముగా క్షేత్రమునకు తరలినారండి."

అధికారులు ఇలా క్షేత్రస్థాయికి దిగాలని కమిషనరు గారు మిగతా జిల్లాలకు హితవు చెప్పారు. చప్పట్లు మోగుతుండగా కుళ్ళాయప్ప బ్యాగు తీసుకుని వెనక గుమ్మంలోంచి బయటపడ్డాడు. ఓబులమ్మ బిందెతో ఎదురొచ్చి, ఈ దినం గూడా పోస్తాండారా నాయనా అని అడిగింది. జగ్గు లోపలుందనీ, చూసేవాడు లేడనీ, నిండా పట్టుకుపొమ్మనీ చెప్పాడు.

కదిరి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఊరు దాటాక నాగరత్నకు ఫోను చేసి, వచ్చేస్తున్నానన్నాడు. సర్కారు మాట మాదిరి చెప్తాండావా, నిజంగానా అని అడిగింది. కాగితం జేబులో ఉందని చెబితే ఆమె నవ్వింది. ఆ నవ్వు విని చాలా రోజులైంది. కుళ్ళాయప్ప కాళ్ళు చాపుకున్నాడు. చాపుకున్నాక గానీ తెలియలేదు, పొద్దుటి నుంచి కమిషనరు గారితో సమానంగా తానూ తాగాడని.

కాసేపు ఓర్చుకున్నాడు. ఓర్చుకోవడం బాగా వచ్చు. కానీ రోడ్డు గుంతల రోడ్డు. లేచి వెళ్ళి కండక్టరుతో కొంచెం ఆపాలన్నాడు.

"దేనికి?"

"లఘుశంక నివృత్తికి."

"అదేందప్పా?" కండక్టరు అతని మొహంలోకి చూసి అర్థం చేసుకున్నాడు. "ఒంటికా? అట్ల చెప్పకూడదా," అని విజిలు ఊదాడు.

బస్సు ఆగింది. అడిగింది ఒక్కడే అయినా సగం బస్సు దిగింది. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. వేరుశనగ చేను గట్టున, ఎర్రటి ఎండలో, మాట్లాడుకుంటూ, బీడీలు ముట్టించుకుంటూ ఎవరి పని వాళ్ళు కానిచ్చుకుంటున్నారు. ఎంత సులువుగా ఉంది అనుకున్నాడు కుళ్ళాయప్ప. ఒక ముళ్ళచెట్టు వారగా నిలబడ్డాడు.

రాలేదు.

ఉండాల్సినంత ఉంది. ప్రాణం పోతోంది. అయినా రాలేదు. ఆకాశం చూశాడు, చేను చూశాడు, కళ్ళు మూసుకున్నాడు. ఏదో తక్కువైంది. ఒకరొకరే బస్సెక్కుతున్నారు. కండక్టరు ఒకసారి విజిలు వేశాడు. పక్కన పని ముగించుకున్న ఒక ముసలాయన పంచె సర్దుకుంటూ ఇతన్ని గమనించి ఆగాడు.

"ఏమప్పా, కాలేదా?"

"లేదు పెద్దాయనా." కుళ్ళాయప్ప కాసేపు తటపటాయించాడు. సిగ్గనిపించింది, కానీ వేరే దారి కనబడలేదు. "నువ్వొక మాట చెప్తావా?"

"ఏం మాట?"

"పోసుకోమని."

ముసలాయన అతన్ని తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. ఇస్త్రీ చొక్కా చూశాడు, జేబులో పెన్ను చూశాడు.

"ఆఫీసులో పనా నీకు?"

"అవును."

"సరే, పోసుకో నాయనా. నేను చెప్తాండా గదా."

అప్పటికి గానీ రాలేదు.